ఈ చెట్టును ఎప్పుడు నరికారు?

ద్వారం వెంకటస్వామినాయుడు గారు పెరిగిన ఊరు విశాఖపట్నం. 1919లో ఆయన విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో అధ్యాపకుడిగా చేరాక, ఎక్కడో పడమర నుంచి వచ్చిన వయొలిన్ ఉత్తరాంధ్రకు సొంత వాద్యమైపోయింది. ఆయన పేరుతో ఇప్పుడు విశాఖలో కళాక్షేత్రం ఉంది. సాయంత్రాలు వయొలిన్ క్లాసులకు వెళ్లే పిల్లలకూ ఈ ఊళ్లో కొదవ లేదు. వాళ్ల కుడిచేతిలో ఉండే కమాను (బో) వెనక ఒక అడవి కథ ఉంది.

కమాను పుల్ల పొడవు ముప్పావు మీటరు. కమాను మొత్తం బరువు 60 గ్రాములకు కాస్త అటూ ఇటూ. పుల్ల మధ్యలో, తీగల మీద రాసే గుర్రపు వెంట్రుకల వైపుకి వంగి ఉంటుంది. ఆ వంపు ఉలితో తీసింది కాదు. తిన్నగా చిత్రిక పట్టిన పుల్లను వేడిచేసి, కొంచెం కొంచెంగా వంచుతారు. తీగ మీద నొక్కినప్పుడు అది సాగాలి, వదలగానే మళ్లీ మొదటి ఆకారానికి రావాలి, వందేళ్లయినా ఆ వంపు పోకూడదు. 18వ శతాబ్దం చివర పారిస్‌లో ఫ్రాన్స్వా టూర్ట్ అనే పనివాడు ఇప్పుడు మనం చూసే కమాను రూపాన్ని స్థిరపరిచాడు. ఆయన ఎంచుకున్న చెక్క బ్రెజిల్ తీరంలో పెరిగే పెర్నాంబుకో. మేలురకం కమానులకు నేటికీ అదే.

దాని గొప్పతనం ఏమిటి? ఈ చెక్క గట్టిది, అయినా సన్నగా చెక్కితే స్ప్రింగులా సాగుతుంది. మంచి ముక్కలో నార వెంబడి ధ్వని సెకనుకు 5 కిలోమీటర్లకు పైగా వేగంతో పరుగెడుతుంది. కమాను తయారీదారులు పుల్ల రెండు కొసలకూ కొలిచే పరికరం పెట్టి ఈ వేగాన్ని కొలిచి మరీ కొంటారు. అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి లోపలి ఘర్షణ. ఏ చెక్కయినా కంపిస్తే ఆ శక్తిలో కొంత వేడిగా మారి వృథా అవుతుంది. పెర్నాంబుకోలో ఆ వృథా చాలా తక్కువ. దీనికి కారణం చెక్కలోని రసాయనాలేనని 1990లలో జపాన్ శాస్త్రవేత్తలు తేల్చారు. పెర్నాంబుకో సారాన్ని తీసి స్ప్రూస్ అనే వేరే చెక్కకు పట్టిస్తే, దానిలోనూ శక్తి వృథా తగ్గింది. అంటే ఆ గుణం చేవలో, అంటే చెట్టు లోపలి ముదురు చెక్కలో ఉంది. చేవదేరడానికి చెట్టుకు దశాబ్దాలు పడుతుంది.

ఆ చేవలోనే బ్రెజిలిన్ అనే రంగు పదార్థం కూడా ఉంది. కేరళ హోటళ్లలో తాగడానికి ఇచ్చే ఎర్రటి వేడినీళ్లలో ఉండేదీ అదే, కాకపోతే అది పెర్నాంబుకోకు బంధువైన మన ఆసియా చెట్టు నుంచి వస్తుంది. ఈ రంగు కోసమే పోర్చుగీసువాళ్లు 16వ శతాబ్దం నుంచి బ్రెజిల్ తీరపు అడవిని నరుక్కుంటూ పోయారు. పొలాలు, ఊళ్లు మిగతాది మింగేశాయి. కమాను తయారీకి పట్టే చెక్క మొత్తం మీద తక్కువే. కానీ నార తిన్నగా ఉండి, ముడి, పగులు లేని ముక్కే కావాలి కాబట్టి దుంగలో ఎక్కువ భాగం పొట్టుగా పోతుంది, నరకడానికి ముదురు చెట్టే కావాలి.

అరుదైన జాతుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం సైటిస్. 2007లో పెర్నాంబుకో దాని జాబితాకెక్కింది. దుంగకీ, పలకకీ, సగం చెక్కిన పుల్లకీ అనుమతి పత్రం కావాలన్నారు, పూర్తయిన కమానును మాత్రం వదిలేశారు. దాంతో దొంగ చెక్క కమానుగా మారి దర్జాగా దేశం దాటింది. 2018లో బ్రెజిల్ అధికారులు ‘దో-రె-మి’ అని స్వరాల పేరే పెట్టి దాడులు మొదలుపెట్టారు. పట్టుబడిన పుల్లలు, కమానులు 2 లక్షలు దాటాయి. 2022లో పనామాలో జరిగిన సైటిస్ సమావేశం నిబంధన మార్చింది. దాంతో బ్రెజిల్ నుంచి మొదటిసారి బయటికి వెళ్లే కమానుకు కూడా అనుమతి తప్పనిసరి అయింది.

ఇందులో నన్ను బాగా ఆలోచింపజేసిన విషయం ఒకటుంది. దొరికిన ప్రతివాడూ చెప్పేది ఒకటే మాట: ‘ఇది 2007కి ముందు కొట్టిన పాత సరుకు.’ నిజమో కాదో చెక్కను అడిగి తెలుసుకోవచ్చా?

జాతి పేరయితే తెలుసుకోవచ్చు. పెర్నాంబుకో పొట్టు చిటికెడు నీళ్లలో వేసి కాస్త సున్నపు తేట కలిపితే చిక్కటి ఎరుపు దిగుతుంది. ఎర్రచందనం పొట్టు నీళ్లలో పెద్దగా రంగు వదలదు, స్పిరిట్‌లో వేస్తే ఎర్రగా కరుగుతుంది. దానిలోని రంగు పదార్థం శాంటలిన్ తీరే అంత. ఇవి మొదటి అంచనాకే పనికొస్తాయి. భూతద్దం కింద అడ్డకోతలో కనిపించే నీటి నాళాల అమరిక చూసి నిపుణులు వంశం (జాతికి పై మెట్టు) దాకా చెప్పగలరు. అమెరికాలో ఆష్‌లండ్‌లోని వన్యప్రాణి ఫోరెన్సిక్ ల్యాబ్‌లో గోటి ముక్కంత పేడును వేడి వాయువు ముందు పెట్టి, దాని రసాయనాల గుర్తును సెకన్లలో తీస్తారు. ఆ గుర్తును తెలిసిన నమూనాలతో పోల్చి జాతి నిర్ణయిస్తారు.

కానీ నరికిన తేదీ? రేడియోకార్బన్ పరీక్ష చెప్పేది ఆ వలయం పెరిగిన కాలం. చెట్టు కూలిన ఏడాది తెలియాలంటే బెరడు కింద ఉండే చివరి వలయం కావాలి. కమానుకు వాడేది లోపలి చేవ, బయటి తెల్ల చెక్క ఎప్పుడో చెక్కేశారు. కాబట్టి 1990లోనే చేవదేరిన భాగాన్ని 1995లో నరికినా, 2015లో నరికినా చేతికొచ్చే పుల్లలో తేడా కనబడదు. చట్టం అడిగే ప్రశ్నకు చెక్క దగ్గర జవాబు లేదు. కాగితం జవాబు చెప్పాలి. కాగితాన్ని ఎవరైనా రాసుకోవచ్చు.

మన ఎర్రచందనానికీ ఇదే చిక్కు. ఈ చెట్టు సహజంగా పెరిగేది ప్రధానంగా శేషాచలం, వెలిగొండ, పాలకొండ, నల్లమల కొండల్లోనే. 1995 నుంచి సైటిస్ జాబితాలో ఉంది. స్మగ్లింగ్ సరుకులో ఎక్కువ భాగం చైనా ఫర్నిచర్‌కు వెళ్తుందని అందరికీ తెలుసు. జపాన్ వాద్యం షామిసెన్‌కు మేలైన మెడ దీనితోనే చేస్తారని మాత్రం చాలామందికి తెలియదు. చైనా తీగ వాద్యం ఎర్హూలు కొన్నీ దీనితోనే. వాద్యాల వాటా చిన్నదే, అయినా అలల గీత తేలిన ముదురు చేవకు అక్కడ పలికే ధర వేరు. ఎర్రచందనం స్మగ్లింగ్‌లోనే 2013 డిసెంబరులో శేషాచలంలో ఇద్దరు అటవీ ఉద్యోగులను చంపేశారు. 2015 ఏప్రిల్ 7న పోలీసు కాల్పుల్లో తమిళనాడు నుంచి వచ్చిన 20 మంది కూలీలు చనిపోయారు. ఈ మరణాల జాడ ఏ వాద్యం మీదా కనిపించదు.

అడవి ఎర్రచందనం ఎగుమతి నిషేధం. పట్టుబడిన దుంగలను మాత్రం ప్రభుత్వం వేలం వేస్తుంది, అవి చట్టబద్ధంగానే ఓడ ఎక్కుతాయి. రైతులు పొలాల్లో పెంచినదీ ఉంది. అందువల్ల విశాఖ కంటైనర్ టెర్మినల్ వంటి చోట అధికారి ముందున్నది రెండు మెట్ల సమస్య. ముందు, ఇంకేదో సరుకని రాసి సీలు వేసిన పెట్టెలో ఎర్రచందనం ఉందేమో కనిపెట్టాలి. ఆ తర్వాత, ఉన్నది అడవిదా, వేలానిదా, పొలానిదా అన్నది తేల్చాలి. మొదటిదానికి స్కానర్లు, సమాచారం సాయపడతాయి. రెండోదానికి దుంగ మీద వేసిన గుర్తు, దాని వెంట నడిచొచ్చిన పత్రాలే దిక్కు.

అల్లూరి జిల్లా అడవుల్లోనూ కనిపించే జిట్రేగి గిటార్ల చెక్క, రోజ్‌వుడ్ (డాల్బెర్జియా) వంశంలోది. 2005 నుంచి 2014 దాకా ప్రపంచంలో పట్టుబడిన వన్య సరుకు విలువలో 35 శాతం రోజ్‌వుడ్‌దేనని ఐక్యరాజ్యసమితి నివేదిక చెప్పింది. ఏనుగు దంతం కూడా దాని తర్వాతే. 2017 జనవరిలో ఈ డాల్బెర్జియా వంశం మొత్తానికీ సైటిస్ ఆంక్షలు వచ్చాయి. గిటార్ వాళ్లు గగ్గోలు పెట్టాక 2019లో పూర్తయిన వాద్యాలను మినహాయించారు. నా దృష్టిలో అది తప్పు కాదు, ఎందుకంటే అడవిని తినేస్తున్నది ప్రధానంగా ఫర్నిచర్. కాకపోతే బ్రెజిల్ కమానుల విషయంలో తెరిచి ఉంచిన తలుపు ఎటు దారితీసిందో కూడా మరవకూడదు.

విశాఖకు ఉత్తరాన బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణ చేసేది పనస చెక్కతో. పెరట్లో పెరిగే, కాయ తినే చెట్టు అది. మృదంగానికీ అదే. మన సంగీతం ఇంతదూరం వచ్చింది ప్రధానంగా ఆ చెట్టు మీదే. మంచి నాదానికి అంతరించే చెట్టే కావాలనే మాట నేను ఒప్పుకోనిది అందుకే.

పిల్లలకు కమాను కొనేవాళ్లకు కార్బన్ ఫైబర్‌ది హాయిగా సరిపోతుంది. తేమ ఎక్కువుండే సముద్రపు ఊళ్లో దాని వంపు చెడదు కూడా. తక్కువ ధరకు ‘బ్రెజిల్‌వుడ్’ అని అమ్మేవి చాలావరకు వేరే చెక్కలు. నిజంగా పెర్నాంబుకోనే అని అమ్మేవాళ్లు ఖరీదు చెబితే, జాతి శాస్త్రీయ నామం, తయారైన దేశం, ఏడాది, సైటిస్ అనుమతి వివరాలు బిల్లు మీద రాసిమ్మనండి. 2022లో సవరించిన మన వన్యప్రాణి సంరక్షణ చట్టం, 2023 ఏప్రిల్ నుంచి సైటిస్ జాతులకు కూడా వర్తిస్తోంది.