రిజర్వాయర్ చుట్టూ నడక: ఆ కంచె ఎందుకొచ్చింది?

ఊరి అంచున ఉండే రిజర్వాయర్ చుట్టూ రోజూ నడిచేవాళ్లను కొన్ని ప్రశ్నలు వదలవు. నీళ్లు పక్కనే ఉన్నా మధ్యలో కంచె ఎందుకు? కుక్కను ఎందుకు రానివ్వరు? దారంతా నీడ ఉండి, సరిగ్గా కట్ట మీదకు వచ్చేసరికి ఒక్క చెట్టూ ఉండదేం? కొన్ని రిజర్వాయర్లలో చేపలు కూడా పట్టనిస్తారు, ఇక్కడ చెయ్యి తడుపుకోవడానికీ వీల్లేదేం? ఇదంతా అధికారుల మొండితనం అనుకోవడం తేలిక. కానీ ఈ నిబంధనల్లో చాలావాటి వెనక ఒక కారణమో, ఒక ప్రమాదమో ఉంది.

చెట్ల సంగతి ముందు చెప్పేస్తాను. మట్టికట్టలోకి వేళ్లు దిగి, తర్వాత ఆ చెట్టు చచ్చిపోతే వేరు కుళ్లిన చోట సన్నటి బొక్క మిగులుతుంది. నీరు ఆ దారి పట్టిందంటే కట్టకే ముప్పు. అందుకే అక్కడ గడ్డి తప్ప మరేదీ పెరగనివ్వరు, ఆ గడ్డిని కూడా పొట్టిగానే ఉంచుతారు. అప్పుడే దిగువ వాలులో చెమ్మగిల్లిన చోటు, జంతువులు తవ్విన బొరియ కంటికి కనిపిస్తాయి. మనం వాకింగ్ ట్రాక్ అనుకునే దారి చాలాచోట్ల ఇలా కట్టను చూసుకుంటూ తిరిగే సిబ్బంది కోసం వేసిందే. నీటి అంచు వెంబడే సాగుతుంది కాబట్టి ఎత్తుపల్లాలూ తక్కువ.

కంచె కథ ఇంకా పెద్దది. మొదట్లో నడిచేవాళ్లకు ఇంత అడ్డు లేదు. న్యూయార్క్‌లో 1842లో క్రోటన్ నది నుంచి తెచ్చే నీటి కోసం 42వ వీధి దగ్గర కట్టిన జలాశయానికి 50 అడుగుల ఎత్తు గోడలుండేవి. వాటి పైభాగాన్ని జనం షికారుకే వదిలారు. తర్వాత దాన్ని పడగొట్టిన చోటే ఇప్పుడు నగర గ్రంథాలయం ఉంది. బోస్టన్ శివారులో 1870లో పూర్తయిన చెస్ట్‌నట్ హిల్ రిజర్వాయర్ చుట్టూ గుర్రపు బగ్గీల కోసం విశాలమైన దారి వేశారు. తాము తాగే నీళ్లను జనం దగ్గర నుంచి చూడగలగడం ఊరికి గర్వకారణం అనుకున్న కాలం అది.

ఆ ధీమా చెదరడానికి ప్లిమత్ లాంటి ఊళ్లలో జరిగిందే కారణం. పెన్సిల్వేనియాలోని ఈ చిన్న పట్టణంలో 1885 వసంతంలో టైఫాయిడ్ విరుచుకుపడింది. ఊరి జనాభా దాదాపు 8,000. వెయ్యికి పైగా మంది జబ్బుపడ్డారు, 114 మంది చనిపోయారు. ఆరా తీస్తే తేలింది ఇదీ: ఊరికి నీళ్లిచ్చే వాగు ఒడ్డున ఒక ఇంట్లో చలికాలమంతా ఒక టైఫాయిడ్ రోగి ఉన్నాడు. అతని మలాన్ని బయట మంచు మీద పారబోస్తూ వచ్చారు. మార్చి చివర్లో మంచు కరిగింది. అదంతా వాగులోకి, వాగులోంచి రిజర్వాయర్లోకి, అక్కడి నుంచి ఇంటింటికీ చేరింది. ఒక్క మనిషి జబ్బు చాలు, ఊరంతా మంచాన పడుతుంది. ఇది తెలిశాక కూడా గట్టును అందరికీ తెరిచి ఉంచమని ఏ ఇంజినీరు మాత్రం ఎలా చెప్పగలడు?

1908లో జెర్సీ సిటీకి వెళ్లే బూంటన్ రిజర్వాయర్ నీటిలో క్లోరిన్ కలపడం మొదలైంది. అమెరికాలో ఒక నగరానికి ఇచ్చే నీటిలో క్లోరిన్‌ను ఆపకుండా కలుపుతూ రావడం అదే తొలిసారి. ఇక కంచెలు పోవాలి కదా? పోలేదు. ఎందుకో అర్థం కావాలంటే ఒక్క విషయం చూడాలి: ఆ రిజర్వాయర్ శుద్ధి కేంద్రానికి ముందుందా, తర్వాతుందా?

ముందుంటే నీళ్లు ఇంకా వడపోతకు వెళ్లాలి కాబట్టి కొంత చూసీచూడనట్టు పోవచ్చు, పడవలకూ గాలాలకూ అనుమతి దొరకొచ్చు. తర్వాతుంటే అందులో పడింది ఏదైనా నేరుగా కుళాయిలోకి వస్తుంది. శివార్లలో ఇళ్ల మధ్య, కాస్త ఎత్తు మీద కట్టినవి చాలావరకు ఈ రెండో రకానివే. నీటికి ప్రెషర్ రావాలంటే ఎత్తున ఉండాలి, ఇళ్లకు దగ్గర్లోనూ ఉండాలి. మన గడపకు దగ్గరగా ఉన్నదాని మీదే ఆంక్షలు ఎక్కువ ఉండటానికి కారణం ఇదే.

న్యూయార్క్ సెంట్రల్ పార్క్ రిజర్వాయర్ చుట్టూ 1926లో 7 అడుగుల ఇనుప వల కంచె వేశారు. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత నీటి వనరుల దగ్గర భద్రత ఇంకా బిగిసింది. 2006లో అమెరికా పర్యావరణ సంస్థ, శుద్ధి చేసిన నీటిని బయట నిల్వ ఉంచితే పైకప్పు వేయాలి, లేదా మళ్లీ శుద్ధి చేయాలి అంది. 2011లో పోర్ట్‌లాండ్‌లో ఒకతను రిజర్వాయర్లో మూత్రం పోశాడని దాదాపు 3 కోట్ల లీటర్లు వదిలేశారు. అంత నీటిలో ఆ కాస్త వల్ల ప్రమాదం లేదని నా అభిప్రాయం. కానీ జనం నమ్మకం పోతే నీటి శాఖ చేయగలిగింది పెద్దగా ఉండదు. లాస్ ఏంజెలెస్‌లోనైతే మనుషులతో పనే లేకుండా ఎండే సమస్య తెచ్చింది. నీటిలోని బ్రోమైడ్, శుద్ధికి వాడిన క్లోరిన్, సూర్యకాంతి కలిసి క్యాన్సర్ కారకం కాగల బ్రోమేట్ తయారైంది. దాంతో 2008లో సిల్వర్ లేక్ రిజర్వాయర్ నీళ్లు తీసేసి, పక్కనే ఉన్న ఐవన్‌హో రిజర్వాయర్ మీద 4 లక్షల నల్లటి ప్లాస్టిక్ బంతులు పరిచారు.

ఆంక్షలు ఇంత ముదిరాకే నడిచేవాళ్లకు మళ్లీ అవకాశం దొరికింది. తాగునీరు భూమి లోపలి ట్యాంకుల్లోకి మారే కొద్దీ పాత రిజర్వాయర్లకు ఆ పని తప్పుతోంది. సెంట్రల్ పార్క్ రిజర్వాయర్ 1993లో తాగునీటి సరఫరా నుంచి తప్పుకుంది. 2003లో ఆ 7 అడుగుల కంచె తీసేసి 4 అడుగుల రెయిలింగ్ పెట్టారు. దాని చుట్టూ ఉన్న రెండున్నర కిలోమీటర్ల దారిలో ఇప్పుడు నీళ్లు చూస్తూ నడవచ్చు. సిల్వర్ లేక్‌ను 2015లో మళ్లీ ఖాళీ చేసి, 2017లో నింపారు. ఈసారి తాగడానికి కాదు.

అయితే రిటైరైన ప్రతి రిజర్వాయరూ చెరువులా మిగులుతుందన్న హామీ లేదు. చెస్ట్‌నట్ హిల్‌లో మొదట రెండు కుంటలుండేవి. ఒకదాన్ని 1949లో బోస్టన్ కాలేజీ కొనుక్కుంది, తర్వాత దాన్ని పూడ్చేసి కాలేజీ స్థలంలో కలిపేశారు. రెండోదాన్ని 1978లో సరఫరా నుంచి తప్పించినా అత్యవసరానికి పనికొస్తుందని అట్టే ఉంచారు. జనం ఇప్పుడు చుట్టూ నడుస్తున్నది ఆ రెండో కుంటనే. అందుకే ఎక్కడైనా పాత రిజర్వాయర్‌ను పక్కనపెడతామని ప్రకటన రాగానే, కంచె ఎత్తు కంటే ముందు అడగాల్సినవి రెండున్నాయి: అందులో నీళ్లు ఉంచుతారా, ఆ కట్టను ఇకమీదట ఎవరు చూసుకుంటారు?