పిట్టను కుట్టిన దోమ మనల్నీ కుడితే

1999 ఆగస్టులో న్యూయార్క్‌లోని క్వీన్స్ ప్రాంతంలో కొందరు వృద్ధులు జ్వరం, మెదడువాపు, కండరాల బలహీనతతో ఆసుపత్రిలో చేరారు. డెబోరా ఆస్నిస్ అనే వైద్యురాలికి అనుమానం వచ్చి నగర ఆరోగ్య శాఖకు కబురు చేశారు. అధికారులు పరీక్షలు జరిపి సెయింట్ లూయిస్ మెదడువాపు అని తేల్చారు. దోమలు మోసుకొచ్చే ఆ జబ్బు అమెరికాకు పాతదే. వెంటనే దోమల మందు చల్లించారు. ఆ వేసవిలో నగరమంతటా కాకులు రాలిపోతున్నాయి. ఆ సంగతికి, ఈ జబ్బుకు ముడి ఉందని వారికి తోచలేదు.

ఆ ముడి పట్టుకున్నది బ్రాంక్స్ జూలో జంతువుల చావుకు కారణాలు వెతికే పశువైద్య పాథాలజిస్టు ట్రేసీ మెక్‌నమారా. జూలో రాజహంసలు, నీటికాకులు కూడా చనిపోయాయి. సెయింట్ లూయిస్ వైరస్ పక్షుల ఒంట్లో ఉంటుందే కానీ వాటి ప్రాణం తీయదు. మరి ఇవెందుకు చనిపోయాయి? ఆమె పట్టు విడవకపోవడంతో నమూనాలు వేరే ప్రయోగశాలలకు చేరాయి. సెప్టెంబరు చివరికి అసలు దోషి బయటపడింది. అది 1937లో ఉగాండాలో తొలిసారి కనుగొన్న వెస్ట్ నైల్ వైరస్. అప్పటిదాకా అమెరికాలో దాని జాడే లేదు. ఆ ఏడాది న్యూయార్క్ పరిసరాల్లో 62 మంది జబ్బుపడగా ఏడుగురు మరణించారు.

వైరస్‌ను మోసింది క్యూలెక్స్ జాతి దోమ. మన చెవి దగ్గర రాత్రంతా రొద పెట్టే గోధుమరంగు దోమకు అది దగ్గరి చుట్టం.

దోమ సిరంజి లాంటిది కాదు. ఒకరి నెత్తురును తెచ్చి మరొకరికి ఎక్కించదు. దాని కడుపులో పడ్డ వైరస్ పేగు గోడను దాటాలి, ఒంట్లో పెరగాలి, చివరికి లాలాజల గ్రంథులకు చేరాలి. ఇందుకు వారం నుంచి రెండు వారాలు పడుతుంది, ఎండ ఎక్కువైతే ఇంకా త్వరగా జరుగుతుంది. దోమ ఒంట్లో పెరగలేని వైరస్ అక్కడే నశిస్తుంది. హెచ్‌ఐవీ దోమకాటుతో రాకపోవడానికి కారణం ఇదే. డెంగీని కూడా క్యూలెక్స్ అనే ఈ ఇంటి దోమ మోయలేదు, అది ఒంటి మీద తెల్ల చారలుండే ఏడిస్ దోమ పని.

వెస్ట్ నైల్ విషయంలో అసలు కీలకం పక్షులే. వాటి రక్తంలో వైరస్ దండిగా పెరుగుతుంది. మనిషి రక్తంలో మాత్రం తర్వాత కుట్టే దోమకు అంటుకునేంత ఉండదు. కాబట్టి వైరస్ బతుకంతా పిట్టకూ దోమకూ మధ్యే సాగుతుంది. అమెరికాలో ఇంటి దోమ వేసవి మొదట్లో రాబిన్ పిట్టలను ఎక్కువగా కుడుతుంది. వేసవి చివర్లో అవి చెదిరిపోయాక మనుషుల మీదికి మళ్లుతుంది. మనుషుల్లో జబ్బు పెరిగేదీ అప్పుడే. వైరస్ సోకిన వారిలో సుమారు 80 శాతం మందికి ఏ లక్షణమూ ఉండదు. దాదాపు 150 మందిలో ఒకరికి మాత్రం మెదడుకో నరాలకో ముప్పు వస్తుంది.

చలికాలం వస్తే పీడ విరగడవుతుందనుకున్నారు. 2000 జనవరి, ఫిబ్రవరి నెలల్లో క్వీన్స్‌లోని ఫోర్ట్ టాటెన్ పాత కోట కట్టడాల్లో నక్కి ఉన్న ఆడదోమలను పట్టి పరీక్షిస్తే వాటిలో వైరస్ జాడ దొరికింది. చలి నెలలు దాటేందుకు ఇంటి దోమే దానికి ఆశ్రయమిచ్చింది.

ఇది దూరదేశపు ముచ్చట మాత్రమే కాదు. కేరళలోని మలప్పురం జిల్లాలో 2019లో ఒక బాలుడు వెస్ట్ నైల్‌తో చనిపోయాడు. తెలుగు పల్లెలను వణికించిన జపనీస్ మెదడువాపు వైరస్ కూడా ఈ కుటుంబానిదే. దాన్ని మోసేవి వరిమడుల్లో పెరిగే క్యూలెక్స్ దోమలు, పెంచేవి కొంగలు, పందులు.

మన ఇళ్లల్లోని క్యూలెక్స్ బోదకాలు పురుగును కూడా మోస్తుంది. అయినా మన ప్రచారమంతా కూలర్లు, పూలకుండీలు, టైర్లలో నిలిచిన మంచినీటి చుట్టూనే తిరుగుతుంది. అది ఏడిస్‌కు సరైన విరుగుడు, తప్పకుండా చేయాల్సిందే. కానీ ఇళ్లల్లోని ఈ క్యూలెక్స్ వెతుక్కునేది మురుగునీటిని. ఆడదోమ వందకు పైగా గుడ్లను నిలువుగా అతికించి చిన్న తెప్పలా నీటి మీద వదులుతుంది. ఏడిస్ గుడ్లు నెలల తరబడి ఎండినా బతుకుతాయి, ఇవి మాత్రం నీరు ఇంకితే చస్తాయి. అందుకే మురుగు కాలువ నిలవకుండా పారితే, సెప్టిక్ ట్యాంకు మూత బిగుతుగా ఉంటే, దాని గాలి గొట్టానికి సన్నని జాలీ కడితే ఈ క్యూలెక్స్ పుట్టుక బాగా తగ్గుతుంది. ఇందులో గొట్టానికి జాలీ కట్టడం ఇంటివారి పని. కాలువ పారేలా చూడాల్సింది మున్సిపాలిటీ, పంచాయతీ.