సుగర్, కొవ్వు, పొటాషియం: పర్లాకిమిడిలో నేను రోజూ వినే అపోహలు

అపోహ: అన్నం తినని రోజు ఇన్సులిన్ అక్కర్లేదు.

అన్నిటికన్నా ప్రమాదం ఇదే. జ్వరంతో ముద్ద దిగని పెద్దాయన "తిండే లేదు కదాని సూది మానేశాను బాబూ" అంటారు. తిండి లేకపోయినా కాలేయం తన దగ్గర పిండిలా నిల్వ ఉన్న గ్లైకోజెన్‌ను చక్కెరగా మార్చి రక్తంలోకి వదులుతూనే ఉంటుంది. జ్వరంలో గ్లూకగాన్, అడ్రినలిన్ అనే హార్మోన్లు పెరిగి ఆ పని ఇంకా జోరందుకుంటుంది. అడ్డుకోవలసిన ఇన్సులిన్ లేకపోతే కొవ్వు కూడా కరిగి, కాలేయంలో కీటోన్లనే ఆమ్ల పదార్థాలుగా మారి, రక్తంలో ఆమ్లం పెరుగుతుంది. మోతాదు మార్చాలేమో డాక్టరును అడగండి, మీ అంతట మీరు మానకండి. వాంతులు, కడుపునొప్పి, ఎగశ్వాస కనిపిస్తే ఇంట్లో ఉంచొద్దు.

అపోహ: రిపోర్టులో పొటాషియం నార్మల్ అంటే ఒంట్లో సరిపడా ఉన్నట్టే.

ఒంట్లోని పొటాషియంలో దాదాపు 98 శాతం కణాల లోపలే ఉంటుంది. రక్తపరీక్షకు అందేది బయట ఉన్న ఆ కాస్తే. ఇన్సులిన్ లేక రక్తంలో ఆమ్లం పెరిగే, పైన చెప్పిన స్థితిలో పొటాషియం కణాల్లోంచి బయటికొచ్చి మూత్రంలో పోతుంటుంది. రిపోర్టులో 5 ఉన్నా ఒంట్లో కొరతే. ఇన్సులిన్ ఎక్కించగానే అది తిరిగి కణాల్లోకి పోయి, రక్తంలో ఒక్కసారిగా పడిపోతుంది, గుండె లయ తప్పుతుంది. అందుకే 3.5 కన్నా తక్కువుంటే ముందు పొటాషియం ఎక్కించి, ఆ తర్వాతే ఇన్సులిన్ మొదలుపెడతాం. "సుగర్ 500 ఉంటే సూది వెయ్యరేం?" అని బంధువులు కోప్పడేది అప్పుడే. వాళ్ల భయం నాకు అర్థమవుతుంది, కానీ ఆ కాసేపు ఆగడం ప్రాణం కోసమే.

అపోహ: ఆయాసం మాత్రలతో కొవ్వు కరుగుతుంది.

జిమ్ కుర్రాళ్లు సాల్బుటమాల్ అనే ఆయాసం మందు అడుగుతున్నారు. అది కొవ్వు కణాన్ని తట్టి కొవ్వు ఆమ్లాలను వదిలించే మాట నిజమే. ఖర్చు కాకపోతే అవి మళ్లీ కొవ్వుగానే చేరతాయి. ఆ మందే పొటాషియాన్ని కండరాల్లోకి తోసి రక్తంలో తగ్గిస్తుంది. చేతుల వణుకు, గుండెదడ అందుకు తోడు. దయచేసి వద్దు.

అపోహ: గుండెదడ మాత్రకూ సుగరుకూ సంబంధం లేదు.

ఉంది. సుగర్ పడిపోయినప్పుడు అడ్రినలిన్ గ్లైకోజెన్‌ను కరిగించి ఆదుకుంటుంది. గుండెదడకు ఇచ్చే ప్రొప్రనొలాల్ మాత్ర ఆ సాయాన్ని తగ్గిస్తుంది, దడనూ వణుకునూ కప్పేస్తుంది. చెమట మాత్రం పడుతుంది. ఇన్సులిన్ వాడేవారు ఆ గుర్తును వదలకండి.

అపోహ: నీరసమంటే పొటాషియం తగ్గినట్టే, కొబ్బరినీళ్లు తాగాలి.

కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం నుంచి మా దగ్గరికి వచ్చేవాళ్లకు ఇది గట్టిగా చెబుతాను. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లు, టెల్మిసార్టాన్, స్పైరొనొలాక్టోన్ వంటి బీపీ మాత్రలు వాడేవాళ్లలో పొటాషియం తగ్గడం కాదు, పెరిగే ప్రమాదం ఎక్కువ. 100 మిల్లీలీటర్ల కొబ్బరినీళ్లలోనే సుమారు 250 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే పరీక్ష), పొటాషియం రిపోర్టు డాక్టరుకు చూపించి, ఎంత తాగొచ్చో అడిగాకే బొండాం కొట్టించండి.