కోట శ్రీనివాసరావు గొంతులో తెలంగాణ మాట: ఒక పాత ఫిర్యాదు వెనుక చరిత్ర

2025 జులై 13న హైదరాబాద్ ఫిల్మ్‌నగర్‌లోని తన ఇంట్లో కన్నుమూసిన కోట శ్రీనివాసరావు పేరు తలచినప్పుడల్లా ఈ నగరంలో ఒక పాత ప్రశ్న దాని వెంటే వస్తుంది. తెలంగాణ మాటను తెరమీద అంత సహజంగా పలికిన నటుడే, ఆ మాట దుర్మార్గులకూ అవినీతి మంత్రులకూ గుర్తుగా స్థిరపడిపోవడానికి కారణమయ్యాడా? జవాబు కోసం ఆయన వేషాల కంటే వెనక్కి వెళ్లాలి.

తెలుగు సినిమా చాలాకాలం మద్రాసులో పెరిగింది. అక్కడ కలం పట్టినవారిలో ఎక్కువమంది కోస్తా జిల్లాలవారు కావడంతో, కృష్ణా గుంటూరు ప్రాంతాల చదువుకున్న కుటుంబాల వాడుకే కథానాయకుడి భాష అయింది. మిగిలిన ప్రాంతాల పలుకుబడి నౌకరుకో, నవ్వించే వేషానికో మిగిలింది. తెలంగాణ పల్లె తన భాషలో తాను మాట్లాడుకున్న ‘మాభూమి’ 1980లో వచ్చి జనాన్ని కదిలించినా, వ్యాపార సినిమా ఆ దారి పట్టలేదు.

కోట 1942 జులై 10న కృష్ణా జిల్లా కంకిపాడులో, వైద్యుడి ఇంట పుట్టారు. తెలంగాణ భాష ఆయనకు పుట్టుకతో వచ్చింది కాదన్న సంగతి ఈ చర్చలో మరిచిపోకూడదు. స్టేట్ బ్యాంకు ఉద్యోగిగా హైదరాబాదులో గడిపిన ఏళ్లే ఆయన చెవికి ఆ భాషను అలవాటు చేశాయని నేను నమ్ముతాను. పగలు ఉద్యోగం, సాయంత్రం రిహార్సల్ అన్నది ఆనాటి నగరంలో ఎందరో నటుల దినచర్య. 1961లో తెరుచుకున్న రవీంద్రభారతి వేదికకు ప్రాణం పోసింది చాలావరకు అలాంటి ఉద్యోగులే. రంగస్థలం మీద ఆడిన ‘ప్రాణం ఖరీదు’ను 1978లో సినిమాగా తీసినప్పుడు నాటకంలోని నటులను కూడా తీసుకోవడంతో ఆయన తెరమీదికి వచ్చారు. అయినా పేరు రావడానికి మరో ఏడేళ్లు పట్టింది.

ఆ పేరు తెచ్చింది 1985 నాటి ‘ప్రతిఘటన’. టి. కృష్ణ దర్శకత్వంలో, నాటక రచయితగా పేరున్న ఎం.వి.ఎస్. హరనాథరావు సంభాషణలతో వచ్చిన ఆ చిత్రంలో కాశయ్య అనే రాజకీయ నాయకుడిగా కోట తెలంగాణ యాసలో మాట్లాడారు. చాలామంది నటులు ‘గిట్ల’, ‘గట్ల’ అని నాలుగు మాటలు అతికించి, మిగతా వాక్యమంతా విజయవాడ తెలుగులోనే నడిపిస్తారు. తెలంగాణ తెలుగు ప్రాణం ఆ నాలుగు మాటల్లో లేదు. ‘వచ్చాడు’ అనే చోట ‘వచ్చిండు’ అనడంలో, ‘చేస్తున్నాడు’ అనే చోట ‘చేస్తున్నడు’ అని దీర్ఘాన్ని కుదించడంలో, వాక్యం చివర గొంతు ఎక్కడ దిగుతుందో ఎరిగి ఆపడంలో ఉంది. కోట పట్టుకున్నది ఆ నడకను. వెక్కిరింపుగా పలికినవారికీ ఆయనకూ ఉన్న తేడా అదే, అది చిన్న తేడా కాదు.

చిక్కంతా ఆ విజయం తరువాతే వచ్చింది. పరిశ్రమకు ఒక అచ్చు దొరికింది. అధికారం, అవినీతి, మొరటుతనం చూపాలంటే ఈ యాస వాడితే చాలన్న నమ్మకం పాతుకుపోయింది. 1998లో ‘గణేష్’ చిత్రంలో ఆరోగ్య మంత్రిగా కోట చూసేవారికి భయం పుట్టించేంత గొప్పగా నటించారు, కానీ ఆ మంత్రి నోట పలికిందీ ఆ భాషే. ఏడాది ముందే ‘ఒసేయ్ రాములమ్మ’లో కథానాయిక తెలంగాణ మాటతో గెలిచినా ఆ అచ్చు చెదరలేదు. తమ ఇంట్లో అమ్మ మాట్లాడే భాష థియేటరులో ప్రతినాయకుడి నోట మాత్రమే వినిపించడం తెలంగాణ ప్రేక్షకులకు అవమానంగా తోచింది. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమకాలంలో ఆ బాధ బహిరంగ ఫిర్యాదు అయింది. ఫిర్యాదు న్యాయమైనదే. దాన్ని నటుడి తలమీద పెట్టడం మాత్రం సరికాదు. భాషను నిజాయితీగా పలకడం ఆయన చేతిలో ఉంది, ఆ భాషను ఏ పాత్రకు ఇవ్వాలన్నది రచయితల, దర్శకుల చేతిలో ఉంది.

ఆ గొంతు ఒక్క యాసకు కట్టుబడినదీ కాదు. 1987లో ‘అహ నా పెళ్లంట’లో కోడిని ఇంటికప్పుకు వేలాడదీసి, దాన్ని చూస్తూ ఉత్త అన్నం తినే పిసినారి లక్ష్మీపతిని తలచుకుంటే చాలు, ఆ ముద్ద నోటికి చేరేలోపు ఆయన కళ్లు కోడిని నమిలి మింగేస్తాయి. తొమ్మిది నంది అవార్డులు, 2015లో పద్మశ్రీ, మధ్యలో 1999 నుంచి విజయవాడ తూర్పు శాసనసభ్యత్వం ఆయన జీవితంలో ఉన్నాయి.

2014లో రాష్ట్రం ఏర్పడ్డాక తెర మారింది. 2017లో ‘ఫిదా’ కథానాయిక బాన్సువాడ మాటతోనే జనం మనసు గెలిచింది. 2023లో ‘బలగం’ కొమురయ్య అనే ముసలాయన చావు చుట్టూ, పిట్టకు పెట్టిన ముద్ద చుట్టూ ఒక తెలంగాణ ఇంటిని నిలబెట్టింది. అప్పటికి కోటకు ఎనభై ఏళ్లు నిండాయి. కొమురయ్య లాంటి ఇంటి పెద్ద పాత్రను ఆ గొంతు కోసం 1985లోనే ఎవరైనా రాసి ఉంటే, ఈ ఫిర్యాదు ఇంత దూరం వచ్చేది కాదు.