నిమిషానికి ఆరు శ్వాసలు

కావలి దగ్గర ఒక హైస్కూల్లో లెక్కలు చెప్పే టీచరమ్మ అడిగారు: "ప్రేయర్ అయ్యాక పిల్లల్ని పది నిమిషాలు ధ్యానంలో కూర్చోబెట్టమన్నారండీ. కాస్మిక్ ఎనర్జీ నడినెత్తి నుంచి దిగుతుందట. ఇందులో సైన్సెంత?"

నడినెత్తి నుంచి దిగేదేమీ లేదు. అసలు తమాషా మెడలో ఉంది.

దవడ కింద కెరోటిడ్ ధమని రెండుగా చీలే చోట రక్తపు ఒత్తిడిని కనిపెట్టే నాడి కొసలుంటాయి. బీపీ కాస్త పెరిగితే చాలు, మెదడు అడుగునున్న మెడుల్లాకు కబురు పోతుంది. అక్కణ్ణుంచి వేగస్ నాడి గుండెను వెంటనే నిదానింపజేస్తుంది. రక్తనాళాలను బిగించే, పట్టు సడలించి వదులు చేసే సింపథెటిక్ నాడుల దారి మాత్రం బద్ధకపుది. దాని పని కనిపించేసరికి సుమారు ఐదు సెకన్లు. దిద్దుబాటు అంత ఆలస్యంగా వస్తే బీపీ ఐదు సెకన్లు అటు, ఐదు సెకన్లు ఇటు ఊగుతుంది. మొత్తం పది సెకన్ల ఊపు. బీపీని ఇలా దిద్దే ఏర్పాటుకే బారోరిఫ్లెక్స్ అని పేరు.

చింతచెట్టుకు కట్టిన ఉయ్యాల అనుకోండి. ఎప్పుడు పడితే అప్పుడు తోస్తే గింజుకుంటుంది. వెనక్కొచ్చి ఆగే క్షణం చూసి వేలితో తోసినా అంతెత్తుకు లేస్తుంది. మన శ్వాసే ఆ తోపు. మామూలుగా నిమిషానికి 12 నుంచి 20 సార్లు పీలుస్తాం, అంటే ఉయ్యాల ఇంకా దారిలో ఉండగానే మరో తోపు పడుతుంది. ఆరుకు తగ్గిస్తే పది సెకన్లకొకటి. గుండె వేగంలో హెచ్చుతగ్గులు అప్పుడే అన్నిటికన్నా పెద్దవవుతాయి. తాడు పొడవును బట్టి ఊపు మారినట్టే మనిషికీ మనిషికీ ఈ లెక్క కాస్త అటూ ఇటూ అవుతుంది. పిల్లల తాడు పొట్టిది, వాళ్లకు ఆరుకన్నా ఎక్కువే కావాలి.

2001లో ఇటలీలో లూసియానో బెర్నార్డి బృందం 23 మంది చేత కేథలిక్కుల లాటిన్ జపమాల ప్రార్థనా, 'ఓం మణి పద్మే హూం' మంత్రమూ చదివించి చూసింది. రెండింట్లోనూ శ్వాస ఆరుకే దిగింది, బారోరిఫ్లెక్స్ చురుకైంది. నెల్లూరు రంగనాయకుల గుడిలో సహస్రనామం తీరిగ్గా చదివే పెద్దవాళ్లను ఓసారి గమనించండి.

మహేశ్ యోగి ట్రాన్సెండెంటల్ మెడిటేషన్‌లో మంత్రం రహస్యంగా ఇచ్చేవారు. ఆ ధ్యానులను పరీక్షించిన గుండె డాక్టరు హెర్బర్ట్ బెన్సన్ మంత్రానికి బదులు 'వన్' అనుకున్నా చాలని 1975లో రాశాడు. అమెరికాలోని న్యూజెర్సీ బడుల్లో మహేశ్ యోగి ధ్యానాన్ని పాఠంగా పెడితే, గురుపూజ ఉంది గనుక మతమేనని 1979లో అప్పీలు కోర్టు తేల్చింది. అదే ఏడాది జాన్ కబాట్-జిన్ మతం ఊసెత్తకుండా మసాచుసెట్స్ ఆసుపత్రిలో ధ్యానం మొదలుపెట్టాడు. 2013లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్, బీపీ చికిత్సకు తోడుగా ట్రాన్సెండెంటల్ మెడిటేషన్‌ను చూడొచ్చంది. తోడుగా మాత్రమే, మాత్రలు ఆపి కాదు.

బడుల్లో మాత్రం నిరాశే. బ్రిటన్‌లో 85 బడుల్లో 8,000 మందికి పైగా పిల్లలతో చేసిన పరీక్షలో మైండ్‌ఫుల్‌నెస్ (ఇప్పటి క్షణం మీదే మనసు నిలిపే ధ్యానం) పాఠాలు మామూలు క్లాసులకన్నా ఒరగబెట్టిందేమీ లేదని 2022లో తేలింది. చాలామంది ఇంటిదగ్గర అసలు చెయ్యనేలేదు. హోంవర్క్ ఇచ్చిన ఏ టీచరుకైనా ఇది వింతేం కాదు.

అందుకే టీచరమ్మతో, ఆ పది నిమిషాల్లో రెండు నిమిషాలు మణికట్టు నాడి పట్టించమన్నాను. మెల్లగా పీల్చేటప్పుడు దడ తొందరవుతుంది, వదిలేటప్పుడు నెమ్మదిస్తుంది. ఆమె మర్నాడే చేయించారట. వెనక బెంచీలో ఒకడికి తన నాడి దొరక్క, పక్కవాడి చెయ్యి పట్టుకుని బెల్లు కొట్టేదాకా లెక్కపెట్టాడట.