అతివాహకత, అయస్కాంతత్వం: అరవై ఏళ్ల పేచీ

స్ట్రాన్షియం రుథనేట్ అనే స్ఫటికంలో ఎలక్ట్రాన్లు ఎలా జత కడతాయో తేలిపోయిందని భౌతికశాస్త్రవేత్తల్లో చాలామంది ఇరవై ఏళ్లపాటు నమ్మారు. 2019లో ఒక ప్రయోగం ఆ లెక్క తప్పించింది. అదెందుకు అంత కలకలం రేపిందో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

కొన్ని పదార్థాలను బాగా చల్లబరిస్తే వాటిలో విద్యుత్ నిరోధం పూర్తిగా పోతుంది. ఈ అతివాహకతకు కారణాన్ని 1957లో బార్డీన్, కూపర్, ష్రీఫర్ వివరించారు. స్ఫటికంలోని కంపనాల సాయంతో ఎలక్ట్రాన్లు జంటలవుతాయి. జంటలో ఒకదాని స్పిన్ (ఎలక్ట్రాన్‌ను చిన్న అయస్కాంతంలా ప్రవర్తింపజేసే సహజ గుణం) పైకి ఉంటే రెండోదానిది కిందికి ఉంటుంది. దగ్గర్లో అయస్కాంత పరమాణువు ఉందంటే ఆ పొత్తు చెడుతుంది. లాంథనం అనే లోహంలో అయస్కాంత గుణమున్న గడోలినియం ఒక శాతం కలిపితే చాలు, అతివాహకత మాయమవుతుందని భౌతికశాస్త్రవేత్త బెర్న్డ్ మథియాస్ బృందం ఆ రోజుల్లోనే ప్రయోగాల్లో చూసింది. అంతటితో అయస్కాంతత్వం మీద శత్రువు ముద్ర పడిపోయింది.

ఆ ముద్ర ఎంత బలమైనదంటే, 1975లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధనశాలలో యురేనియం-బెరీలియం సమ్మేళనంలో అతివాహకత కనిపించినా, లోపల మిగిలిపోయిన యురేనియం పోగుల పనేనని పక్కన పెట్టేశారు. 1979లో ఫ్రాంక్ స్టెగ్లిష్ బృందం సీరియం, రాగి, సిలికాన్ సమ్మేళనంలో అర కెల్విన్ దగ్గర, అంటే పరమశూన్య ఉష్ణోగ్రతకు అర డిగ్రీ పైన, అతివాహకత చూసింది. అయస్కాంత గుణమున్న సీరియం స్థానంలో ఆ గుణం లేని లాంథనం పెడితే అతివాహకత కనిపించలేదు. ఇక్కడ శత్రువే అండగా నిలిచిందన్నమాట! 1983లో జ్యూరిక్‌లో ఆ యురేనియం సమ్మేళనాన్ని మళ్లీ పరీక్షించి, అది నిజమైన అతివాహకమేనని తేల్చారు. 1986లో వచ్చిన రాగి ఆక్సైడ్లు, 2008లో వచ్చిన ఇనుప సమ్మేళనాలు కూడా అయస్కాంత క్రమానికి (పరమాణువుల స్పిన్‌లు ఒక పద్ధతిలో అమరే స్థితికి) ఆనుకునే అతివాహకాలవుతాయి.

స్ట్రాన్షియం రుథనేట్ సంగతి 1994లో యోషితెరు మాయెనో బృందం బయటపెట్టింది. అందులో జంట స్పిన్‌లు ఒకే వైపు ఉండొచ్చని సిద్ధాంతకర్తలు ఊహించారు. దీన్ని పరీక్షించడానికి ఎన్ఎంఆర్ ఉంది: రేడియో తరంగాల పల్సులు పంపి, పరమాణు కేంద్రకాల ద్వారా లోపలి అయస్కాంత స్పందనను కొలిచే పద్ధతి. ఎదురెదురు స్పిన్‌లైతే చల్లబరిచేకొద్దీ స్పిన్ అయస్కాంత స్పందన తగ్గాలి. 1998 కొలతల్లో అది తగ్గలేదు. అదే ఏడాది మ్యూయాన్లనే సూక్ష్మ కణాలను స్ఫటికంలోకి పంపిన ప్రయోగాల్లో స్ఫటికం లోపల తనంతట తానే పుట్టిన చిన్న అయస్కాంత క్షేత్రం కనిపించింది. రెండూ ఊహకు సరిపోయాయి. నా ఉద్దేశంలో చిక్కు అక్కడే ఉంది: వద్దనుకున్న ఫలితాన్ని బెల్ ల్యాబ్స్‌లో అనుమానించారు, కోరుకున్న ఫలితాన్ని ఇక్కడ అంతగా అనుమానించలేదు.

2019లో లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ బృందం ఎన్ఎంఆర్ పల్సుల శక్తిని తగ్గించి చూసింది. స్పందన స్పష్టంగా పడిపోయింది. పాత పద్ధతిలో పల్సులే నమూనాను క్షణకాలం వేడెక్కించి, అతివాహక స్థితిని పోగొట్టాయి. అంటే కొలిచింది మామూలు లోహాన్ని! తొలి కొలతలు చేసిన పరిశోధకులు కూడా మళ్లీ చేసి, తగ్గుదల నిజమేనని ఒప్పుకుంది. మ్యూయాన్ సంకేతం మాత్రం అలాగే ఉంది. రెండిటినీ ఇబ్బంది లేకుండా కలిపే వివరణ మీద ఇంకా ఏకాభిప్రాయం లేదు.

ఇప్పుడు చాలామంది చూపు యురేనియం డైటెల్యురైడ్ మీద ఉంది. ఎదురెదురు స్పిన్‌ల జంటలను బలమైన అయస్కాంత క్షేత్రం విడగొడుతుంది; ఇదేమో 40 టెస్లాలు (అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే ప్రమాణం) దాటిన క్షేత్రంలో కూడా అతివాహకంగా ఉండగలదు కాబట్టి, స్పిన్‌లు ఒకే వైపు ఉన్నాయన్న వాదనకు అక్కడ బలముంది. అయితే అక్కడా తొలి ఫలితాలన్నీ అలాగే నిలవలేదు: చల్లబరిచేటప్పుడు తొలి నమూనాల్లో రెండు వేర్వేరు ఉష్ణోగ్రతల దగ్గర కనిపించిన అతివాహక మార్పు, ఇంకా శుద్ధంగా పెంచిన స్ఫటికాల్లో ఒక్కసారే కనిపించింది.