ఓడను ఓడతో గుద్దిన మనిషి

2024 జులై 21న డెన్మార్క్ కింద ఉన్న గ్రీన్‌లాండ్‌లోని నూక్ రేవులో ఇంధనం కోసం ఆగిన ఓడ మీదికి పోలీసులు ఎక్కి, తిమింగలాల వేటను అడ్డుకునే ఉద్యమకారుడు, 73 ఏళ్ల పాల్ వాట్సన్‌కు బేడీలు వేశారు. పట్టివ్వమని అడిగింది జపాన్. కేసు 2010 నాటిది: అంటార్కిటికా దగ్గర తిమింగలాల వేట ఓడ మీద గబ్బు సీసాలు వేయించారని, ఒక నావికుడికి గాయమైందని. వాట్సన్ ఒప్పుకోలేదు. ఆ సీసాల్లో ఉండేది బ్యూటిరిక్ యాసిడ్. పాడైన వెన్న కంపు దాని వల్లే వస్తుంది.

అంతమాత్రానికి పద్నాలుగేళ్ల పంతమా అనిపిస్తుంది. ఈ గొడవ 1975లో మొదలైంది.

ఆ ఏడాది జూన్‌లో, కాలిఫోర్నియా తీరానికి దూరంగా, పర్యావరణ సంస్థ గ్రీన్‌పీస్ కార్యకర్తలు సోవియట్ వేట ఓడకూ తిమింగలాలకూ మధ్య చిన్న రబ్బరు పడవలు నిలిపారు. మనుషులు అడ్డుంటే కాల్చరన్నది లెక్క. కాల్చారు. ఈటె కార్యకర్తల తలల మీదుగా దూసుకెళ్లి తిమింగలంలో దిగింది. వాళ్లలో వాట్సన్ కూడా ఉన్నారు. రెండో తిమింగలం చనిపోతూ తనవైపు చూసిన చూపు జీవితాంతం వెంటాడిందని వాట్సన్ పదేపదే చెప్పుకున్నారు.

1977లో న్యూఫౌండ్‌లాండ్ మంచు మీద ఒక సీల్ వేటగాడి దుడ్డుకర్ర లాక్కుని నీళ్లలోకి విసిరేశారాయన. కర్ర విసిరేసినా హింసేనంది గ్రీన్‌పీస్ బోర్డు. 11-1 ఓట్లతో ఆయన్ని పంపేశారు. ఆ ఒక్క ఓటూ ఆయనదే. నా ఉద్దేశంలో అసలు చీలిక ఇక్కడే వచ్చింది: ఆస్తిని ధ్వంసం చేయడం హింస అవుతుందా, కాదా?

వాట్సన్ జవాబు రెండేళ్లలో వచ్చింది. పాత చేపల ఓడ (ట్రాలర్) కొని, ముక్కులో కాంక్రీటు నింపి, 'సీ షెపర్డ్' అని పేరు పెట్టి, 1979 జులైలో పోర్చుగల్ తీరాన 'సియెర్రా'ను గుద్దేశారు. జెండాలు మారుస్తూ దొంగవేట సాగించే ఓడ అది. దాన్ని బాగు చేసి మళ్లీ సముద్రంలోకి దింపేలోపే, 1980 ఫిబ్రవరిలో లిస్బన్ రేవులో ఎవరో బాంబు పెట్టి ముంచేశారు. ఎవరూ చనిపోలేదు. 1986 నవంబర్‌లో ఐస్‌లాండ్ వేట ఓడల్లో సగం, అంటే నాలుగింట రెండు, ఒక్క రాత్రిలో రేక్యవిక్ రేవు అడుక్కి చేరాయి. 'ఇది మా వాళ్ల పనే' అని వాట్సన్ 1988లో స్వయంగా వెళితే, ఐస్‌లాండ్ కేసు కూడా పెట్టకుండా దేశం నుంచి పంపేసింది. విచారణ జరిగితే తన వేటా బోనెక్కుతుందని భయపడిందేమో!

ఇంతలో వాణిజ్య వేట ఆపాలని అంతర్జాతీయ తిమింగలాల కమిషన్ 1982లో తీర్మానించింది, 1986 నుంచి అమలైంది. 'పరిశోధన' కోసం చంపొచ్చన్న మినహాయింపు పట్టుకుని జపాన్ అంటార్కిటికా వెళ్లింది. వాట్సన్ సంస్థ సీ షెపర్డ్ ఓడలు వెంటపడ్డాయి. ప్రొపెల్లర్లకు తాళ్లు చుట్టుకునేలా వదలడం, సీసాలు విసరడం, ఢీకొనడం. పైరేట్ అనడానికి కొయ్యకాలు, కంటిగంత అక్కర్లేదని 2013లో అమెరికా అప్పీళ్ల కోర్టు చురక వేసింది. పుర్రె జెండా ఎగరేసేవాళ్లకు అదేం పెద్ద తిట్టు కాదు!

మరుసటి ఏడాదే అంతర్జాతీయ న్యాయస్థానం, ఆస్ట్రేలియా వేసిన దావాలో, ఆ వేట శాస్త్ర పరిశోధన కిందికి రాదని 12-4తో తేల్చింది. 2019లో జపాన్ కమిషన్‌లోంచే తప్పుకుని సొంత జలాల్లో వేట మొదలుపెట్టింది. నూక్‌లో పట్టుబడినప్పుడు వాట్సన్ వెళ్తున్నది జపాన్ కొత్త ఓడ 'కాంగెయ్ మారు'ను అడ్డుకోవడానికే. 149 రోజుల తర్వాత, డిసెంబర్ 17న, అప్పగించేది లేదని డెన్మార్క్ విడిచిపెట్టింది. ఆయన జైల్లో ఉండగానే జపాన్ తన వేట జాబితాలో ఫిన్ తిమింగలాన్నీ చేర్చుకుంది.